సైకెడెలిక్ అనుభవంలో దొరికిన ‘సత్యాన్ని’ పరీక్షించుకోవడం ఎలా

ఎల్‌ఎస్‌డీ, సైలోసైబిన్ పుట్టగొడుగులు, దక్షిణ అమెరికాలో తాగే ఆయహువాస్కా కషాయం లాంటి సైకెడెలిక్స్, అంటే చూపునీ ఆలోచననీ కొన్ని గంటలపాటు మార్చేసే పదార్థాలు, వాడినవాళ్ల నోట తరచూ వినపడే మాట ఒకటుంది, "నాకంతా అర్థమైపోయింది" అని. ఆ మాట అంటున్నప్పుడు వాళ్ల ముఖం చూస్తే అబద్ధమనిపించదు, అబద్ధం కాదు కూడా. కానీ ఏం అర్థమైందో చెప్పమంటే మాట రాదు. ఆరు నెలలు పోయాక అడిగితే ఆ అర్థమైనది ఎటు పోయిందో వాళ్లకే తెలీదు. ఇక్కడ నేను రాసేది దాని గురించే. ఇవి ఎక్కడ దొరుకుతాయి, ఎంత తీసుకోవాలి అనేవి నేను చెప్పను, ఆ ఆశతో వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆధ్యాత్మికంగా ఏదో తెలుసుకోవాలని ఈ దారి వైపు చూస్తున్నవాళ్లు ముందుగా ఏం ఆలోచించుకోవాలి, ఇప్పటికే వెళ్లొచ్చినవాళ్లు తెచ్చుకున్నదాన్ని ఎలా నిగ్గు తేల్చుకోవాలి, ఈ రెండే చెబుతాను. రెండోదాని గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఆ కొన్ని గంటల్లో కలిగే నమ్మకం ఎంత బలంగా ఉన్నా, ఆ బలాన్ని బట్టి అది నిజమని తేల్చలేం. అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ వందేళ్ల కిందటే ఇలాంటి అనుభవాలకు నాలుగు గుర్తులు చెప్పాడు. మాటల్లో పెట్టలేకపోవడం, ఎక్కువసేపు నిలవకపోవడం, మన చేతిలో లేకుండా దానంతటది జరగడం, ఈ మూడింటితో పాటు "ఏదో తెలిసింది" అన్న గట్టి భావన. ఆయన మత్తునిచ్చే నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్చి స్వయంగా చూసిన మనిషే కాబట్టి ఊరికే అన్న మాట కాదది. తెలిసిందన్న భావన ఒకటి, తెలియడం మరొకటి. ఈ పదార్థాలు మెదడు కణాల మీద సెరటోనిన్ అనే రసాయనం వచ్చి అతుక్కునే 5-హెచ్‌టీ2ఏ అనే రిసెప్టర్ మీద పనిచేసి, మనం ఏళ్ల తరబడి గట్టిగా పట్టుకున్న అభిప్రాయాల పట్టు సడలిస్తాయని ఇప్పటి పరిశోధకులు చాలామంది అనుకుంటున్నారు. పట్టు సడలినప్పుడు నిజమైన మాట లోపలికి రావచ్చు, పొరపాటు మాట కూడా అదే తలుపులోంచి రావచ్చు. వచ్చేటప్పుడు రెండింటి ముఖంలోనూ ఒకే వెలుగు ఉంటుంది.

దీనికి పాత ఉదాహరణ ఒకటి ఉంది. ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే అమెరికన్ డాక్టరు, కవి కూడా, అనస్థీషియా అన్న పేరు సూచించింది ఆయనే. ఒకసారి మత్తుమందైన ఈథర్ పీల్చాడు. సృష్టి రహస్యమంతా కళ్లెదుట విప్పి పెట్టినట్టు అనిపించింది. తెలివి వస్తుండగానే మరిచిపోతానేమోనని తూలుతూ బల్ల దగ్గరికి వెళ్లి, వంకరటింకర అక్షరాలతో ఆ పరమ సత్యాన్ని కాగితం మీద రాశాడు. తర్వాత చదివితే అందులో ఉన్నది ఇదీ: "అంతటా టర్పెంటైన్ వాసన గట్టిగా వస్తోంది." 1870లో ఒక ఉపన్యాసంలో ఆయనే ఈ సంగతి చెప్పాడు. చాలామంది దీన్ని నవ్వుకోవడానికి చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆయన చేసిన పని ఆదర్శంగా కనిపిస్తుంది. కలిగినదాన్ని రాశాడు, మనసు కుదుటపడ్డాక చదివాడు, చదివింది చదివినట్టు అందరికీ చెప్పాడు. నేను చెప్పబోయే పద్ధతిలో సగం అదే.

ముందుగా ప్రశ్న రాసుకోండి

మీరేం వెతుకుతున్నారో ఒకే ఒక్క వాక్యంలో రాయండి. "దేవుణ్ణి చూడాలి", "జ్ఞానోదయం కావాలి" లాంటివి రాయకండి, వాటికి జవాబు వచ్చిందో లేదో మీరు ఎప్పటికీ తేల్చుకోలేరు. "నాన్న పోయి నాలుగేళ్లయినా నేనెందుకు ఏడవలేకపోతున్నాను?", "చావంటే నాకింత భయం ఎందుకు?", "కావాలనుకున్నవన్నీ దొరికాక కూడా ఈ వెలితి ఏమిటి?" ఇలాంటివి రాయండి. రాసిన వాక్యం చదివితే గొంతులో ఏదో అడ్డుపడాలి, అప్పుడే అది మీ ప్రశ్న.

మెక్సికోలోని వహాకా కొండల్లో మసాటెక్ జాతికి చెందిన మరియా సబీనా అనే వైద్యురాలు ఉండేది. 1955లో గోర్డన్ వాసన్ అనే అమెరికన్ బ్యాంకరు ఆమె దగ్గర పుట్టగొడుగుల పూజలో కూర్చున్నాడు, 1957లో లైఫ్ పత్రికలో దాని గురించి రాశాడు. ఆ తర్వాత ఎక్కడెక్కడి వాళ్లో గుంపులుగా ఆ ఊరికి చేరారు. ఊరి ప్రశాంతత పోయింది, ఊరివాళ్ల కోపం ఆమె మీదికి మళ్లింది, ఆమె ఇల్లు తగలబడింది. వాసన్ రాకముందు దేవుణ్ణి వెతకడానికని ఎవరూ పుట్టగొడుగులు తినలేదని, జబ్బు పడ్డవాళ్లు బాగుపడటానికే తినేవాళ్లమని ఆమె తర్వాత చెప్పింది. ఈ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఆమె దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండేవాడు, ఆ మనిషికి ఒక బాధ ఉండేది, ఆ రాత్రి పని ఆ బాధ గురించే. మనం ఆ ఆచారంలోంచి పుట్టగొడుగును మాత్రం ఏరుకుని, మిగిలినదంతా అక్కడే వదిలేశాం. ప్రశ్న రాసుకోమని నేను ఇంతగా చెప్పడానికి కారణం అదే.

ప్రశ్న రాసుకున్నాక మూడు నెలలు ఏ మందూ లేకుండా దానితో కూర్చోండి. రోజూ ఇరవై నిమిషాలు చాలు. ధ్యానం చేస్తారో, జపం చేస్తారో, ఊరికే కళ్లు మూసుకుని కూర్చుంటారో మీ ఇష్టం. కొంతమందికి అక్కడే జవాబు దొరికేస్తుంది, ఇక ఈ దారితో పనే ఉండదు. దొరకనివాళ్లకు కూడా ఆ అలవాటు తర్వాత అక్కరకొస్తుంది. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో రోలాండ్ గ్రిఫిత్స్ బృందం 75 మందిని మూడు గుంపులుగా చేసి 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. సైలోసైబిన్‌తో పాటు ధ్యానం లాంటి సాధనకు గట్టి తోడ్పాటు అందిన గుంపులో, మనుషులతో దగ్గరతనం, కృతజ్ఞత, జీవితానికి అర్థం ఉందన్న భావన లాంటి వాటిలో ఆరు నెలల తర్వాత కూడా మార్పు ఎక్కువగా నిలిచింది.

ఎవరు అసలు వద్దనుకోవాలి

ఇక్కడ మొహమాటం లేకుండా చెబుతాను. మీకు గానీ, తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా గానీ స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి మానసిక జబ్బులు ఉంటే ఈ దారి మీది కాదు. పరిశోధనల్లో కూడా అలాంటివాళ్లను చేర్చుకోరు. బైపోలార్‌కి ఇచ్చే లిథియం మందు వాడుతున్నవాళ్లకు మూర్ఛ వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఆయహువాస్కాలో సెరటోనిన్ లాంటి రసాయనాలను విడగొట్టే ఎంఏఓ ఎంజైమును అడ్డుకునే పదార్థం ఉంటుంది, డిప్రెషన్‌కి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు అది తాగితే ఒంట్లో సెరటోనిన్ మితిమీరి సెరటోనిన్ సిండ్రోమ్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. దీనికోసమని ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపేయడం ఇంకో ప్రమాదం. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, గర్భం ఉన్నా వద్దు. ఆత్మహత్య ఆలోచనలు వస్తున్న రోజుల్లో సత్యాన్వేషణ పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. దానివల్ల మీ అన్వేషణకు వచ్చే నష్టమేమీ లేదు.

చట్టం సంగతికొస్తే, 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఎల్‌ఎస్‌డీ, సైలోసైబిన్, పెయోటి కాక్టస్‌లో ఉండే మెస్కలిన్, ఆయహువాస్కాలో ఉండే డీఎంటీలను అన్నిటికన్నా కఠినమైన జాబితాలో పెట్టింది, చాలా దేశాల్లో ఇవి నేరమే. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. అమెరికాలో నేటివ్ అమెరికన్ చర్చి వాళ్ల పెయోటి, బ్రెజిల్‌లో సాంతో దైమె లాంటి మత సంప్రదాయాల ఆయహువాస్కా, ఆరెగన్, కొలరాడో రాష్ట్రాల్లో లైసెన్సుతో నడిచే సైలోసైబిన్ కేంద్రాలు, ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి అనుమతి పొందిన సైకియాట్రిస్టులు కొన్ని జబ్బులకు ఇచ్చే చికిత్స. చట్టం ఒప్పుకోని చోట వద్దనే చెబుతాను. కేసుల భయం ఒక్కటే కాదు, చేతికొచ్చింది ఏమిటో తెలీదు. ఎల్‌ఎస్‌డీ అని చెప్పి ఎన్‌బోమ్ అనే వేరే రసాయనం అమ్మితే తీసుకుని చనిపోయినవాళ్లున్నారు. పుట్టగొడుగుల్లో అయితే కాలేయాన్ని తినేసే విషజాతులు చూడ్డానికి అమాయకంగానే ఉంటాయి.

పక్కన కూర్చునే మనిషి

ఆ స్థితిలో మనిషి మైనపు ముద్దలా ఉంటాడు, ఎవరేమన్నా అచ్చు పడిపోతుంది. కాబట్టి గురువు, గైడ్, షామన్, థెరపిస్ట్, పేరేదైనా సరే, పక్కన కూర్చునే మనిషిని ముందే నిలదీసి అడగండి. ఆపద వస్తే ఏం చేస్తారు, దగ్గరలో వైద్యం ఎక్కడుంది? మధ్యలో నన్ను తాకుతారా, తాకితే ఎక్కడ, ఎందుకు, వద్దంటే ఆగుతారా? మీరు తప్పు చేస్తే నేను ఎవరికి చెప్పుకోవాలి? ఈ మూడో ప్రశ్నకు ముఖం చిట్లించే మనిషి దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. స్పృహ సడలిన మనుషుల మీద లైంగికంగా చెయ్యి వేసినవాళ్లు, డబ్బు రాయించుకున్నవాళ్లు ఈ రంగంలో ఉన్నారు, ఆధ్యాత్మికం అన్న ముసుగు వాళ్లకు బాగా పనికొస్తుంది.

మంచి తోడు ఎలా ఉంటుందో తెలియాలంటే హాప్‌కిన్స్ వాళ్ల 2006 అధ్యయనం చూడండి. 36 మంది పాల్గొన్నారు. కొత్త మనిషి చేత్తో మాత్ర అందుకున్నట్టు కాకుండా, తోడు ఉండబోయే వ్యక్తి ముందే ఒక్కొక్కరితో మొత్తం ఎనిమిది గంటలు మాట్లాడారు. గది ఇంట్లో హాలులా ఉంది, కళ్లకు గంతలు, చెవులకు సంగీతం. తోడున్నవాళ్లు పెద్దగా మాట్లాడలేదు, ఏం చూస్తున్నావని గుచ్చి గుచ్చి అడగలేదు. రెండు నెలల తర్వాత 67 శాతం మంది, జీవితంలో అత్యంత అర్థవంతమైన అయిదు అనుభవాల్లో ఇదొకటని చెప్పారు. అంత జాగ్రత్తగా చేసినా, దాదాపు మూడోవంతు మందికి ఏదో ఒక దశలో తీవ్రమైన భయం కలిగింది. అంటే భయం వచ్చిందంటే ఏదో తప్పు జరిగిపోయిందని కాదు, భయం వచ్చినప్పుడు పట్టుకోవడానికి నమ్మకమైన చెయ్యి ఒకటి ఉండాలని.

అర్థం మీ బదులు వాళ్లు చెప్పేస్తుంటే మాత్రం జాగ్రత్త. "నువ్వు చూసింది నీ పూర్వజన్మ", "అమ్మవారు నిన్ను ఎంచుకుంది" అని ఎవరైనా అన్నారంటే, అది మీకు దొరికింది కాదు, వాళ్లు మీలో నాటింది.

ఆ గంటల్లో చేయాల్సింది చాలా తక్కువ. వచ్చేదాన్ని రానివ్వడం, పోయేదాన్ని పోనివ్వడం, ఊపిరి మీద ధ్యాస పెట్టడం, ఫోన్ వేరే గదిలో ఉంచడం. ఎవరికీ ఫోన్ చేసి క్షమాపణలు గానీ, ప్రేమ గానీ, పాత నేరాలు గానీ చెప్పకండి. ఏ నిర్ణయమూ తీసుకోకండి. అంతే.

తిరిగొచ్చాక మొదటి మూడు రోజులు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఒక నోటుబుక్ తీసుకుని, ఎడమ పేజీలో చూసింది మాత్రమే రాయండి, కుడి పేజీ ఖాళీగా వదిలేయండి. చూసింది అంటే చూసింది, విన్నది, ఒంట్లో తెలిసింది. "ఛాతీ మీద బరువు ఉంది, తర్వాత ఎవరో ఎత్తినట్టు పోయింది" అనేది ఎడమ పేజీ మాట. "నా కర్మ తొలగిపోయింది" అనేది కుడి పేజీ మాట, దాన్ని మూడు రోజుల దాకా రాయొద్దు. రెండూ కలిపి రాస్తే వారం తిరిగేసరికి ఏది చూశారో, ఏది అనుకున్నారో విడదీయలేరు. భయపడినవి, సిగ్గనిపించినవి, అర్థం లేనివి కూడా వదలకుండా రాయండి.

నా సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట చట్టం ఒప్పుకునే ఒక చోట నేను ఇలా కూర్చున్నాను. ఆ సాయంత్రం నేను రాసుకున్న పేజీ ఇప్పటికీ ఉంది, నీలి ఇంకు, అక్షరాలు మామూలు కన్నా రెండింతలు పెద్దవి, గీతల మీద నిలబడకుండా కిందికి జారిపోతుంటాయి. అందులో ఒకే వాక్యం, కింద మూడుసార్లు గీత గీసి ఉంది: "ఎవరూ పరాయివాళ్లు కాదు." రాసేటప్పుడు కన్నీళ్లు ఆగలేదు, ఒక చుక్క పడి ‘పరాయి’ దగ్గర ఇంకు అలుక్కుపోయింది. మూడో రోజు మా అన్నయ్య ఫోన్ చేశాడు. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లడం ఈసారి నా వంతు, నేను మరిచిపోయాను, అదే అడిగాడు. నేను అరిచాను. ఎలా అరిచానంటే, వాడు ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశాడు. అప్పుడు ఆ పేజీ తీసి చూసుకున్నాను. ఎవరూ పరాయివాళ్లు కాదన్న మాట అబద్ధమైపోయిందా? కాలేదు. కానీ ఆ మాట ఇంకా నాది కాలేదు. విశ్వమంతా నాదే అనుకోవడానికి అయిదు గంటలు పట్టింది, అన్నయ్య నావాడే అనుకోవడానికి చాలా నెలలు పట్టింది. కుడి పేజీలో ఆ రోజు నేను రాసిన మొదటి మాట "అన్నయ్యకు ఫోన్ చేయాలి".

నాలుగు రకాల మాటలు, నాలుగు రకాల పరీక్షలు

నోటుబుక్ నిండాక అందులోని మాటల్ని వేరు చేయండి, అన్నిటికీ ఒకే పరీక్ష పనికిరాదు.

మీ గురించి మీకు తెలిసినవి మొదటి రకం. "నేను భయపడినప్పుడల్లా కోప్పడతాను" లాంటివి. అన్నిటికన్నా విలువైనవి ఇవే, పరీక్ష కూడా తేలిక. రాబోయే వారంలో ఆ సందర్భం ఎలాగూ వస్తుంది, గమనించండి. నిజమైతే కళ్లెదుటే కనిపిస్తుంది, అప్పుడు చిన్న పనొకటి చేసి చూడండి, కోపం వచ్చినప్పుడు "నాకు భయంగా ఉంది" అని ఆ ఎదుటి మనిషితోనే చెప్పడం లాంటిది. చేతల్లోకి దిగని మాట ఎంత గొప్పగా ఉన్నా పేజీ మీదే ఉండిపోతుంది.

రెండో రకం, ఇతరుల గురించి, గతం గురించి తెలిసినట్టు అనిపించినవి. ఇక్కడ చాలా నెమ్మదిగా నడవాలి. జ్ఞాపకం అనేది పెట్టెలో దాచిన ఫొటో కాదు, తీసిన ప్రతిసారీ మనసు దాన్ని మళ్లీ అల్లుతుంది, ఇలాంటి స్థితిలో అయితే లేనిదాన్ని కూడా ఉన్నంత స్పష్టంగా అల్లగలదు. చిన్నప్పుడు ఎవరో మీకు ద్రోహం చేసినట్టు కనిపించిందనుకోండి, ఆ బాధ నిజమే, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ ఆ సంఘటన జరిగిందా లేదా అన్నది మీ ఒక్కరి అనుభవంతో తేలదు. ఎవరినీ నిలదీయకముందు మంచి కౌన్సెలర్‌తో కూర్చోండి. మరోవైపు, నిజంగా జరిగినదే ఇన్నాళ్లకు బయటపడి ఉండొచ్చు, కాబట్టి భ్రమ అని కొట్టిపారేయడం కూడా తప్పే.

మూడో రకం లోకం గురించిన మాటలు. చైతన్యమే అన్నిటికీ మూలం, కాలం లేదు, చావు లేదు. సైకెడెలిక్స్ తర్వాత చాలామంది అభిప్రాయాలు ఇటువైపే జరుగుతాయని పరిశోధనల్లో కనిపించింది, అంటే కనీసం కొంతవరకు ఇది మందు తోసే దిక్కు. అంతమాత్రాన అబద్ధమని కాదు, ఏ మందూ ముట్టనివాళ్లు కూడా వేల ఏళ్లుగా ఈ మాటలే అన్నారు. దీన్ని తేల్చే పరీక్ష నా దగ్గర లేదు, ఉందని చెప్పేవాళ్లను నమ్మను. నేను చేసేది ఒక్కటే. "చావు లేదని తెలిసింది" అన్న మనిషిని, తన బంధువుల్లో మంచాన పడ్డ ఒకరి పక్కన ఒక గంట కూర్చుని రమ్మంటాను. ఆ మాట ఆ గదిలో తన మనసునే మెత్తబరిస్తే దాచుకోవచ్చు. ఎదుటివాళ్ల నొప్పిని చూడకుండా తప్పించుకోవడానికి అడ్డం పెట్టుకుంటుంటే వదిలేయాలి.

నాలుగో రకం ఆజ్ఞలు. ఉద్యోగం మానెయ్, ఈ పెళ్లి వదిలెయ్, లోకానికి చాటు. వీటికి నా జవాబు ఒక్కటే, మూడు నెలలు ఆగండి. నిజమైన పిలుపు మూడు నెలలకు వాడిపోదు.

1962లో వాల్టర్ పాంకీ అనే పరిశోధకుడు గుడ్ ఫ్రైడే రోజు బోస్టన్ యూనివర్సిటీ మార్ష్ చాపెల్‌లో 20 మంది క్రైస్తవ మతశాస్త్ర విద్యార్థుల్ని కూర్చోబెట్టి, పది మందికి సైలోసైబిన్, మిగతా పది మందికి పోలిక కోసం నికోటినిక్ యాసిడ్ అనే విటమిన్ ఇచ్చాడు. సైలోసైబిన్ అందుకున్నవాళ్లలో చాలామందికి లోతైన అనుభవం కలిగింది. పాతికేళ్లు దాటాక రిక్ డాబ్లిన్ వాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడి, 1991లో ఆ వివరాలు ప్రచురించాడు. అప్పటికీ వాళ్లు దాన్ని నిజమైన ఆధ్యాత్మిక అనుభవంగానే చెప్పారు, జీవితం మీద దాని ప్రభావం నిలిచిందన్నారు. అదే పరిశీలనలో ఇంకో సంగతి బయటపడింది. ఆ రోజు ఒక విద్యార్థి, లోకానికి వార్త చాటాలన్న ఆవేశంలో చాపెల్ వదిలి బయటికి వెళ్లిపోతే, పట్టుకొచ్చి శాంతపరిచే క్లోర్‌ప్రోమజైన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చింది. పాంకీ తన నివేదికలో ఆ ఇంజెక్షన్ ఊసే ఎత్తలేదు. ఆ రెండు సంగతులూ ఒకే గదిలో, ఒకే మధ్యాహ్నం జరిగాయి. మీ నోటుబుక్‌లో కూడా ఒకటి ఉంచి ఇంకొకటి చింపేయకండి.

చూసేవాళ్లను అడగడం

ఆరు వారాలు గడిచాక, మీ అనుభవం గురించి ఏమీ తెలియని వాళ్లను, తెలిసినా దానికి మురిసిపోని వాళ్లను ఒకరిద్దర్ని ఎంచుకుని "ఈ మధ్య నాలో ఏమైనా తేడా కనిపించిందా?" అని అడగండి. ఇంట్లోవాళ్లయితే ఇంకా మంచిది. "అంతకుముందు కన్నా మాట వింటున్నావ్" అంటే ఒక సంగతి. "ఎప్పుడూ ఎక్కడో ఉంటున్నావ్, అందరికీ పాఠాలు చెబుతున్నావ్" అంటే ఇంకో సంగతి, ఇదే ఎక్కువగా జరుగుతుంది. నేను చూసింది మీరెవరూ చూడలేదన్న గర్వం చాలా మెల్లగా ఎక్కుతుంది, పైగా అహం కరిగిపోయిందన్న వేషంలో ఎక్కుతుంది కాబట్టి లోపలినుంచి కనిపెట్టడం కష్టం. పక్కనున్నవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. వాళ్ల మాటకు ఉక్రోషం వచ్చిందంటే ఆ ఉక్రోషాన్ని కూడా ఎడమ పేజీలో రాయండి.

ఈ గర్వం కొత్తదేమీ కాదు. పతంజలి యోగసూత్రాల నాలుగో పాదం మొదటి సూత్రంలోనే సిద్ధులు కలిగే మార్గాలు అయిదు చెబుతూ జన్మ, మంత్రం, తపస్సు, సమాధితో పాటు ఔషధాన్నీ చేర్చాడు. మందుతో ఏమీ రాదని ఆయన అనలేదు. అంతకుముందు మూడో పాదంలో మాత్రం, అలాంటి శక్తులు సమాధికి అడ్డంకులని స్పష్టంగా చెప్పాడు. దొరుకుతుంది, దొరికినదే అడ్డం పడుతుంది. నాకు తెలిసి ఈ విషయం మీద ఇంతకన్నా సూటైన మాట లేదు.

అనుభవం చేదుగా మిగిలితే

కొంతమందికి వెలుగేమీ కనిపించదు, భయమే మిగులుతుంది. దానికి వెంటనే అర్థం వెతకొద్దు. నిద్ర, వేళకు తిండి, నడక, నమ్మిన మనిషితో మాటలు, కొన్నాళ్లు ఇవి చాలు. "చేదు అనుభవమే గొప్ప పాఠం" అని ఎవరైనా అంటే వినొద్దు, కొన్నిసార్లు గాయం గాయమే.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి, తీసుకున్నది దాచకుండా చెప్పండి. రెండు రాత్రులు నిద్ర లేకపోయినా అలసట తెలియకపోవడం. మాటలు ఆగకుండా రావడం. టీవీలో, రోడ్డు మీద బోర్డుల్లో మీకోసమే సందేశాలు కనిపించడం. ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం. మీరు ప్రత్యేకంగా ఎంపికైన మనిషని గట్టిగా అనిపించడం. మందు ప్రభావం పోయి వారాలైనా చూపులో గీతలు, మెరుపులు, కదిలే వస్తువుల వెనక జాడలు కనిపిస్తుంటే అదీ చెప్పండి, హెచ్‌పీపీడీ అని దానికో పేరుంది, డాక్టర్లకు తెలిసిన సమస్యే. ఇలాంటప్పుడు "ఇది కుండలిని, తట్టుకో" అని సలహా ఇచ్చేవాళ్లను దూరం పెట్టాల్సిన బాధ్యత పక్కనున్న మీవాళ్లది, అందుకే ముందే ఒకరికి ఈ జాబితా ఇచ్చి ఉంచండి.

మళ్లీ వెళ్లాలనిపిస్తే

అనిపిస్తుంది. రిచర్డ్ ఆల్పర్ట్ హార్వర్డ్‌లో సైకాలజీ చెప్పేవాడు, 1963లో ఈ ప్రయోగాల గొడవలోనే ఉద్యోగం పోయింది. ఎన్నిసార్లు పైకెక్కినా మళ్లీ కిందికి దిగాల్సే వస్తోందన్న నిస్పృహతో 1967లో ఇండియాకొచ్చి, రామ్ దాస్‌గా తిరిగి వెళ్లాడు. అంతగా చూసిన మనిషి చివరికి చేసిన పని ఏమిటంటే భక్తి, సేవ, చావుకు దగ్గరైన వాళ్ల పక్కన కూర్చోవడం.

మళ్లీ వెళ్లాలనిపించిన రోజు పాత నోటుబుక్ తీసి, కుడి పేజీలు చదవండి. అక్కడ చేస్తానని రాసుకున్న పనులెన్ని, చేసినవెన్ని? సగం మిగిలి ఉంటే మీకింకా కొత్త సందేశం అక్కర్లేదు, పాతదే పూర్తి కాలేదు. నా దాంట్లో ఇప్పటికీ నాలుగు మిగిలున్నాయి. ఒకటి, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లే వంతు నెలనెలా నేనే తీసుకుంటానని అన్నయ్యతో చెప్పడం. చెప్పాను, రెండు నెలలు జరిగింది, మూడో నెల మళ్లీ వాడే వెళ్లాడు. దాని పక్కన పెట్టిన టిక్కును కొట్టేశాను. ఈ నెల ఇరవయ్యో తారీకున వెళ్లాలి.